అక్క కొత్తింట్లో యశూ బూట్లు

ముందే చెప్పేస్తున్నాను. మా అక్క పదేళ్లు కలలు కని కట్టుకున్న ఇంటి గృహప్రవేశాన్ని, పదిహేడు నెలల బిడ్డ చేత, అరచేతిలో పట్టే బూట్ల జతతో గందరగోళం చేయించిన ఘనురాలిని నేనే. ఇది జరిగి నాలుగేళ్లయింది. ఇప్పటికీ మావాళ్ల ఇళ్లలో ఏ శుభకార్యం జరిగినా, భోజనాల దగ్గర ఎవరో ఒకరు "సుజాతా, ఆ బూట్ల కథ చెప్పు" అంటారు. నేను చెబుతాను. అందరూ కడుపుబ్బ నవ్వుతారు. నవ్వి, తప్పంతా నాదేనని తేల్చేసి, ఇంకో గరిటె పాయసం వేయించుకుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. కనీసం మీరైనా న్యాయం చెప్పండి.

అసలు మొదలుపెట్టింది మా అక్క. తను వేలూరులో ఉంటుంది. బావ ఇళ్లు కట్టే మేస్త్రీ. ఊరందరికీ కట్టి కట్టి, చివరికి తనకంటూ ఒక ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం ఇంకా మూడు వారాలుందనగా, ఇల్లు చూసి వద్దామని మా యశూని చంకనేసుకుని గుడియాత్తం నుంచి బస్సెక్కి వెళ్లాను. అప్పటికి యశూ నడక నేర్చి పది రోజులు. నాకు ఆ గర్వం ఎంత ఉందో, బిడ్డను కన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

అక్క నా గర్వం వైపు కన్నెత్తి చూడలేదు. పక్కింటి పిల్లవాణ్ణి చూపించింది.

"చూడే, వీడు మీ యశూ కన్నా నెల చిన్నోడు. బూట్లేసుకొని ఎట్ల నడస్తా ఉండాడో!"

"మాదీ నడస్తాది."

"ఒట్టికాళ్లతో గదా! పోనీలే, మగ్గమింటి బిడ్డకి బూట్లెందుకు? గుంతలో దిగి తొక్కేదానికి ఒట్టికాళ్లే మేలు."

మా మామ, అంటే నా భర్త తండ్రి, గుంత మగ్గం మీద లుంగీలు నేస్తాడు. నేలలో తీసిన గుంతలో కాళ్లు పెట్టి, ఒట్టి పాదాలతో కర్రలు తొక్కుతూ నేయాలి. అది మా అన్నం. ఆ మాట అన్న అక్క మాత్రం ఎక్కడ పుట్టింది? మగ్గం పక్కనే! మా నాన్న మగ్గం చప్పుడు వింటూ నిద్రపోయిన మనిషి, నాలుగు టైల్స్ వేయించుకోగానే అన్నీ మర్చిపోయింది.

"ఇదో చూడక్కా," అన్నాను లేచి నిలబడి. "నీ గృహప్రవేశం నాడు నా బిడ్డ బూట్లేసుకొని, గేటు కాడ్నించి నీ దగ్గరికి తన కాళ్లతో నడిచొస్తాది. రాకపోతే నన్ను చెల్లెలని పిలవద్దు."

"రానీ, చూస్తాం," అంది అక్క.

ఆ సాయంత్రమే బజారుకు వెళ్లాను. కొట్టు ఆయన అతికించే పట్టీ ఉన్న బూట్లు తీశాడు. పక్కింటి పిల్లవాడివి సరిగ్గా అలాంటివే. కాబట్టి నాకు అవి వద్దు.

"లేసులున్నవి చూపించండి."

"లేసు వేండామ్మా," అన్నాడాయన అరవమూ తెలుగూ కలిపి. "చిన్న బిడ్డ, పట్టుకొని లాగేస్తాది. పట్టీది తీసుకోండి."

నా బిడ్డ ఏం చేస్తుందో ఈయన నాకు చెప్పొచ్చాడు! ఎర్ర తోలు, తెల్ల లేసులు, ముందు ఒక చిన్న పువ్వు. అవే కొన్నాను. ఆయన మాట విని ఉంటే ఈ కథే లేదు, కానీ ఆ సంగతి ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

ఇంటికొచ్చి తొడిగాను. యశూ గుంజలా నిలబడిపోయింది. కిందికి చూసింది. తన పాదాలు ఎవరో ఎత్తుకుపోయి, వాటి చోట వేరేవి పెట్టినట్టు చూసింది. ఒక కాలు మోకాలి దాకా ఎత్తి, దించి, పెద్దగా ఏడ్చి, కూలబడింది. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకే సిగ్గు. నడక వచ్చిన నా బిడ్డ మళ్లీ పాకడం మొదలుపెట్టింది.

ఇలాంటి దృశ్యం కోసమే మా అత్త తలుపు దగ్గర కాచుకుని ఉంటుంది. "చూసినావా? నడిచే బిడ్డని పాకించినావు! ఇంగ రేపు ఉయ్యాల్లో పడుకోబెట్టు. అయినా మగ్గమున్న ఇంట్లో బూట్లేందమ్మా? ఏం చేసుకున్నా ఈదిలోకి పోయి చేసుకో!"

సరే, వీధిలోకే వెళ్లాం. వీధికి వెళితే ఏమవుతుంది? వీధి మొత్తం అత్తలైపోతారు. సైజు పెద్దదని ఒకరు, చిన్నదని ఒకరు. బూట్లలో కాస్త విభూతి వేయమని ఒకరు. ఎదురింటి ముసలమ్మ అరుగు మీద నుంచే అరిచింది, "అమ్మాయ్, ఎడమది కుడికేసినావు!"

అది నిజమే. రెండు రోజులుగా తారుమారుగా తొడుగుతున్నాను. అయినా అందరూ వినేలా అరవాలా? మెల్లగా పిలిచి చెవిలో చెప్పకూడదా? ఆవిడతో ఆ వారమంతా మాట్లాడలేదు.

చివరికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. మా ఆయన బూట్లు నేను తొడుక్కుని, చీర కుచ్చెళ్లు పైకెత్తి, చప్పట్లు కొడుతూ, డబడబా వీధిలో ముందు నడిచాను. యశూ కిలకిలా నవ్వి నా వెనకే వచ్చింది. వీధి కూడా కిలకిలా నవ్వింది. నవ్వనీ! రెండో వారం అయ్యేసరికి నా బిడ్డ ఎర్రబూట్లతో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. మానం పోయినా మాట నిలబడింది అనుకున్నాను.

అప్పుడు యశూ లేసును కనిపెట్టింది.

నాలుగు అడుగులు వేయడం, కూర్చోవడం, లేసు కొన పట్టుకుని లాగడం. బూటు ఊడి రావడం, దాన్ని విసిరేయడం. ఒకటి వెళ్లి సరిగ్గా మగ్గం గుంతలో, మామ కాళ్ల మధ్య పడింది. మామ దాన్ని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందమ్మా, నాకా?" అన్నాడు. ఆయనకు అదొక హాస్యం.

గృహప్రవేశం రోజు రానే వచ్చింది. పట్టుపావడా కట్టి, బూట్లు తొడిగి, లేసులు కట్టాను. లాగేసింది. మళ్లీ కట్టాను. మళ్లీ లాగేసింది. బస్సుకు టైమవుతోంది. గేటు దగ్గర అక్క నవ్వే నవ్వు అప్పుడే నా చెవుల్లో వినిపిస్తోంది. ఆ కంగారులో నాకొక గొప్ప ఆలోచన వచ్చింది.

"మామా, తెగిన పోగులు కలుపుతారు గదా, ఆ ముడి దీనికి ఏసి పెట్టండి."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మగ్గం మీద పోగు తెగితే, నేతవాళ్లు రెండు కొనలూ కలిపి ఆవగింజంత ముడి వేస్తారు. లాగేకొద్దీ బిగుస్తుంది. విప్పాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. గుడ్డలో కనబడకూడదు కనుక, మిగిలిన కొనలు ముడి దాకా కత్తిరించేస్తారు.

మామ కూర్చున్నాడు. యశూ పాదాలు ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో రెండు ముళ్లు. ఆ వెంటనే మొలలోని చిన్న కత్తెర తీసి, అలవాటు ప్రకారం, కిచుకు కిచుకుమని కొనలు కత్తిరించేశాడు. పట్టుకోవడానికి గోరంత లేసు కూడా మిగల్లేదు. నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూ "శానా బాగుండాది మామా" అని మెచ్చుకున్నాను కూడా. యశూ లాగి లాగి, ఓడిపోయి, బస్సులో నిద్రపోయింది.

అత్తామామలతో కలిసి వేలూరు చేరేసరికి కొత్తింటి ముందు జనం. ముహూర్తానికి ఇంకా పావుగంట. అక్క, బావ గడప ముందు నిలబడి ఉన్నారు. బావ చేతిలో కలశం, అక్క చేతిలో వెలిగించిన దీపం. కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్లాలి. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అడుగు పెట్టకూడదని, హోమం ఇటుకలు పేర్చడం అయ్యాక అయ్యవారితో సహా అందరూ బయటికి వచ్చేశారు.

నేను గేటు దగ్గర చెప్పులు విడిచి, యశూని కిందికి దించి, ఛాతీ విరుచుకుని, "అక్కా, ఇట్ల చూడు!" అన్నాను.

నడిచింది! నా బంగారు తల్లి పదిహేను అడుగులు, ఒక్కసారి కూడా తూలకుండా, ఎర్రబూట్లు టకటకలాడించుకుంటూ నడిచింది. వెళ్లి పెద్దమ్మ చీర పట్టుకుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అక్క ముఖం కూడా మెత్తబడింది.

"సరే, గెలిచినావులేవే. బిడ్డ బూట్లిప్పెయ్, లోపలికి పోయే టైమయింది."

అప్పుడు వెలిగింది నాకు. గృహప్రవేశం. గడప. చెప్పులు బయట. మూడు వారాలు రాత్రీ పగలూ తొడగడం గురించే ఆలోచించాను తప్ప, విప్పడం గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. గేటు పక్కన యాభై జతల చెప్పుల కుప్ప నన్నే చూస్తోంది.

నేను గోళ్లతో గీకాను. బావ కలశం ఎవరికో ఇచ్చి వచ్చి గీకాడు. తలపిన్నుతో పొడిచాం. అత్త "పండ్లతో కొరుకు" అంది. పట్టుచీరతో నేలమీద బోర్లాపడి, బూటు కొరికాను. అందరూ చూశారు. కొందరు ఫోన్లో తీశారు. వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి.

"అది ఊడదమ్మా," అన్నాడు మామ, నిదానంగా, గర్వంగా. "నలభై ఏండ్లయింది. నేనేసిన ముడి ఒకటన్నా ఊడిందని చెప్పమను!"

"కత్తెర, మామా! కత్తెర!"

"మంచి పనికి పోతా కత్తెరెందుకని మీ అత్త ఇంట్లోనే పెట్టించింది గదమ్మా."

అక్క దీపం పట్టుకుని కదల్లేక, నిలబడ్డచోటే ఉడికిపోతోంది. "ఏమే, బిడ్డనెత్తుకొని నువ్వు గేటు బయట నిలబడు. పూజైనాక రావచ్చు."

బయట నిలబడాలట! సొంత చెల్లెలు, ఎండలో, చెప్పుల కుప్పకు కాపలా! చంకనెత్తుకున్న యశూని కింద దించాను. ఎందుకు దించానంటే, రెండు చేతులూ నడుము మీద పెట్టుకోకుండా మా అక్కతో పోట్లాడడం నాకు చేతకాదు.

"ఎవురు బయట నిలబడేది? బూట్లు లేవని ఎగతాళి చేసింది నువ్వు! ఏసుకొని వస్తే బయట నిలబడమనేది నువ్వే!"

"ఏసుకొని రమ్మంటే కుట్టుకొని రమ్మన్నానా?"

"నువ్వు అన్న మాటకే గదా..."

"సుజాతా! బిడ్డ!" అని అత్త కేక.

బావ కాళ్ల మధ్య నుంచి దూరింది యశూ. తడి ముగ్గు తొక్కింది. గడప దాటింది. మూడు వారాలు నేను నేర్పించిన నడక, ఆ క్షణంలో పరుగైంది. అద్దంలా మెరిసే టైల్స్ మీద తెల్లటి బూటు అచ్చులు వేసుకుంటూ, టకటకా టకటకా హాలంతా దాటి, హోమం ముందు అక్కాబావల కోసం వేసిన పీట మీద కూర్చుని చప్పట్లు కొట్టింది.

అయ్యవారే తేరుకుని, "ఆడబిడ్డ ముందు అడుగు పెట్టింది. లక్ష్మి వచ్చినట్లే తల్లీ" అన్నారు.

"లక్ష్మి బూట్లేసుకొని యాడొచ్చిందయ్యోరే?" అంది అక్క.

అయ్యవారు పసుపు నీళ్లతో ఇల్లంతా తుడవమన్నారు. ఎవరు తుడిచారో మీరే ఊహించుకోండి. ఈలోగా బావ, అప్పటికి గుర్తొచ్చి, స్కూటర్ పెట్టెలోంచి కమ్మీలకు కట్టే తీగ కత్తిరించే కటింగ్ ప్లేరు తెచ్చి, కటుక్కున లేసులు తెంపాడు. బూట్లు ఊడాయి. హమ్మయ్య అనుకున్నాను. యశూ తన ఒట్టి పాదాలు చూసుకుంది. ఒక కాలు మోకాలి దాకా ఎత్తి, దించి, పెద్దగా ఏడ్చి, కూలబడింది. బూట్లు లేకుండా ఒక్క అడుగు వేయనంది. దాన్ని చంకన పెట్టుకునే మిగిలిన హాలంతా తుడిచాను.

ముహూర్తం తప్పలేదు. అక్క కుడికాలు పెట్టింది, పాలు పొంగాయి, అందరూ తిన్నారు. బయల్దేరేటప్పుడు అక్క గేటు దాకా వచ్చింది. ముఖం ఇంకా బిగదీసుకునే ఉంది. నాకూ తక్కువ కోపమా?

"అక్కా, అదంతా పోనీ. చెప్పిన మాట నిలబెట్టుకున్నానా లేదా?"

"నిలబెట్టుకున్నావు తల్లీ, నిలబెట్టుకున్నావు," అంది అక్క రెండు చేతులూ జోడించి. "ఇంకోసారి నా ఇంటికొచ్చేటప్పుడు ఆ మాట కూడా చెప్పులతో పాటు గేటు బయటే ఇడిచి రా."

అందువల్ల, సుజాత అనే నేను, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అక్కతో ఏ విషయంలోనూ పంతం పట్టను. లేసులున్న వస్తువును గడప తొక్కనివ్వను. ఎవరిచేత ఏ ముడి వేయించినా, అది విప్పేదెలాగో ముందే అడుగుతాను. నడుము మీద చేతులు పెట్టుకునే ముందు చంకలో బిడ్డ ఉందేమో చూసుకుంటాను. ఇన్ని ప్రమాణాలు నేనే చేయాలి. ముడి వేసిన మామను మాత్రం ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు పల్లెత్తు మాట అనలేదు, పైగా ఎంత గట్టి ముడో అని మెచ్చుకుంటున్నారు!