‘ముక్కు’ అని రాయలేదు

ఆ పొద్దున పక్కింటి తీగ మీద తువ్వాలు ఆరేసినచోటే ఉంది. మా కాలనీలో బట్టలు రాత్రంతా బయట ఉంటే బొగ్గు దుమ్ము పడుతుంది. పెద్దబాపు వాటిని తీయడం ఒక్కరోజూ మరిచిపోలేదు. అమ్మ లోపలికి వచ్చి, “పెద్దబాపు పోయిండు బిడ్డా, నిద్రలనే” అంది.

ఆయన మాకు చుట్టం కాదు, పొరుగు. మంచిర్యాల వైపు నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు గని పనికి వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. నేను చదివిన కాన్వెంటులో తెలుగు లేదు. వాకిట్లో బొగ్గుముక్కతో గీసి నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ‘ఘ’ రాయడం రాక ఏడిస్తే, “దానితోటి మనకేం పని, ఇడిసిపెట్టు” అన్నారు.

గనిలో మూసేసిన చోట బొగ్గు లోలోపల వేడెక్కితే, ముందు వాసనే చెబుతుందట. “ఫస్టు చెమట వాసన, ఎన్క దీపంల పోసే గ్యాస్‌నూనె వాసన. డాంబర్ వాసనొచ్చిందంటే ఇగ ఉరుకుడే.” తర్వాత చేతిలో పట్టేంత యంత్రాలు వచ్చాయి. మనిషికి వాసన తెలియని గ్యాసును కూడా అవి పసిగడతాయి. ఇంగ్లీషులో స్నిఫర్ అంటారు, వాసన చూసేది అని. ఆయన జట్టు దానికి ‘ముక్కు’ అని పేరు పెట్టుకుంది.

“ముక్కు పట్టినవా?” అని గని దిగేముందు ఎవరైనా అడిగితే, “నాది మొకం మీదున్నది, కంపెనీది నడుముకున్నది” అనేవారట పెద్దబాపు.

నిరుడు ఒక గని భద్రత పుస్తకాన్ని తెలుగులోకి మార్చే పని ఇక్కడి గని ఆఫీసు నుంచి నాకు వచ్చింది, తెలంగాణ నుంచి కొత్తగా వచ్చే కూలీల కోసం. పెద్దబాపు ఒక్కటే అడిగారు. “ముక్కు అనే రాయి బిడ్డా. సదివినోనికి జల్ది తెల్వాలె. గ్యాస్ ఆగదు.”

సరేనన్నాను. రాసేటప్పుడు సిగ్గేసింది. అచ్చులో మోటుగా ఉంటుందనిపించింది. నిఘంటువు చూసి ‘ఘ్రాణ సంవేదకం’ అని పెట్టాను.

పుస్తకం ఇచ్చినరోజు ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలు జరుపుతూ చదివారు. ఆ మాట దగ్గర వేలు ఆగింది.

“గిదేంది?”

“అదే పెద్దబాపూ, ముక్కు. ఆఫీసోళ్లు మార్చిండ్రు.”

“గట్లనా.” కళ్లజోడు తీశారు. “పోనీ తియ్యి. పెద్దోళ్లకు ఎదురు నువ్వేం జెప్తవు.”

తర్వాత అమ్మతో కూడా అన్నారు, “పిల్ల మంచిగనే రాసింది, ఆళ్లే ఖరాబ్ జేసిండ్రు” అని. నేను పక్కనే ఉన్నాను.

నిజం చెబుదామని చాలాసార్లు ఆయన గేటు దాకా వెళ్లాను. “ఏం సదువుతున్నవ్?” అనేవారు. చదువుతున్న పుస్తకం పేరు చెప్పి వచ్చేసేదాన్ని.

పాడె కడుతున్నప్పుడు, డ్యూటీ బట్టల్లోనే వచ్చిన ఒకతను గోడవైపు తిరిగి ఫోనులో మెల్లగా అడుగుతున్నాడు: “ముక్కు చార్జింగుల పెట్టినవా? పెట్టకుంటే దిగకుండ్రి.”

నేను రాసింది రాసినట్టే అచ్చువేశారు. ఆ ఆఫీసులో తెలుగు చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు.