తిట్లన్నీ నిమ్మకాయకే

ఈ రోజు పొద్దున మొదటిసారి పక్కన ట్రైనర్ లేకుండా నేనొక్కదాన్నే విమానం నడిపాను. పాలకోడులో మా ఇంట్లో ట్రాక్టరైనా మోపెడ్ అయినా నిమ్మకాయ తొక్కించకుండా గేటు దాటదు. అందుకని మా అవ్వ ఇచ్చి పంపిన నిమ్మకాయను ఎవరూ చూడకుండా ముందు చక్రం కింద పెట్టాను.

ఎగరడం బాగానే ఎగిరాను. దిగేటప్పుడు మాత్రం విమానం రన్‌వే మీద బంతిలా ఎగిరెగిరి పడి, పక్కనున్న గడ్డిలోకి పోయి ఆగింది.

తిట్లకు సిద్ధపడే కిందికి దిగాను. ట్రైనర్ మాత్రం "మొదట్లో అందరికీ ఇంతేలే" అన్నారు. వెనక్కి నడిచి వస్తుంటే, విమానం బయలుదేరిన చోట నలిగిన నిమ్మకాయ ఆయన కంటబడింది. ప్రొపెల్లర్ దగ్గర ఇలాంటివి పడేస్తావా అంటూ భోజనాల వేళ దాకా తిట్టారు.

సాయంత్రం ఫోన్‌లో అవ్వకు జరిగిందంతా చెప్పాను.

"సరిగ్గా దించలేదని ఆ సారు తిట్టలేదా?"

"లేదవ్వా, తిట్టినదంతా నిమ్మకాయకే."

"ఇంకేం మల్ల! నీకు పడాల్సిన తిట్లన్నీ అదే తీసుకునింది కదా పాపా. ఈసారి రెండు పంపిస్తా."

విమానం ఎందుకు ఎగురుతుందో పరీక్షలో రాసి పాసైనదాన్ని. అవ్వకు ఏం జవాబు చెప్పాలో మాత్రం తెలియడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి, నిమ్మకాయలు బయలుదేరకముందే.