వెనక్కి తిరిగి కూర్చోని కెప్టెన్

దగ్గరకు జరిగి కూర్చోండి. చేతిలో చిక్కుడుకాయలో చింతపండో ఉంటే అవీ తెచ్చుకోండి, వింటూ ఒలుచుకోవచ్చు. మా జిల్లాలో ఒక కెప్టెన్ ఉండేవాడు. ఆయన ఘనత చెప్తాను.

నా పుట్టిల్లు మర్రిగూడ వైపు. మాకు నీళ్లంటే బిందెలో ఉండేవి, ట్యాంకర్ వస్తే వచ్చేవి. వాటి మీద నిలబడి ఆడతారని నాకేం తెలుసు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నా బిడ్డ నల్లగొండలో డిగ్రీలో చేరింది. ఆ కాలేజీ వాళ్లు ఎక్కడినుంచో ఒక పాత మోటారు బోటు తెచ్చి, ఊరి బయటి రిజర్వాయర్‌లో వాటర్ స్కీయింగ్ మొదలుపెట్టారు. కాళ్లకు రెండు పొడుగాటి పలకలు తొడుక్కొని, బోటుకు కట్టిన తాడు పట్టుకుంటే, బోటు లాగుతుంటే నీళ్ల మీద నిలబడి పోవడమన్నమాట. నా బిడ్డ మొదటిసారి పడకుండా నిలబడిన రోజు, అన్నం కూడా తినకుండా గచ్చు మీద కాళ్లు ఎట్లా పెట్టిందో మాకు చూపించింది. అంత పిచ్చి దానికి. ఒంటరిగా పంపనన్నాడు వాళ్ల నాయిన. అందుకని ప్రతి ఆదివారం మేముండే కట్టంగూర్‌లో బస్సెక్కి నేనూ పోయి, సద్ది డబ్బా ఒళ్లో పెట్టుకొని కట్ట మీద కూర్చునేదాన్ని.

కెప్టెన్‌ను ఆ పిల్లలు ఎన్నుకోలేదు. అతని తండ్రి మండలంలో పెద్ద మనిషి, అందుకని జట్టు కంటే ముందే కెప్టెన్ పుట్టాడు. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో పలకల మీద దూసుకుపోతుంటాడు. ఆ ఫోటో తీసినప్పుడు నేను కట్ట మీదే ఉన్నాను. మోకాళ్ల లోతు నీళ్లలో తాడు పట్టుకొని వంగి నిలబడ్డాడు. తాడు అవతలి కొసను ఇద్దరు దోస్తులు ఒడ్డున పట్టుకొని లాగారు. ఇంకొకడు పక్కనుంచి బకెట్‌తో నీళ్లు చల్లాడు. తుంపర బాగా పడలేదని మూడోసారి కూడా చల్లించుకున్నాడు.

బోటులో డ్రైవర్ ముందుకు చూసి నడుపుతాడు. ఇంకొక మనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలి. తాడు మీద వచ్చే పిల్ల పడిందా, చెయ్యి ఊపిందా చూసి డ్రైవర్‌కు చెప్పాలి. ఆ పని కెప్టెన్‌ది. ఈయన మాత్రం నల్లద్దాలు పెట్టుకొని డ్రైవర్ పక్కన ముందుకు చూస్తూ కూర్చునేవాడు, పెండ్లి కారులో కూర్చున్నట్లు.

బోటు నడిపేది చేపలు పట్టే ఒక కాక. ఆయనొకసారి అడిగాడు.

"చిన్న పటేలా, జర ఎనకకు తిరుగరాదు. గా పిల్లల్ని ఎవలు చూడాలె?"

"లీడర్ అన్నోడు ముంగట కూసుంటడు కాకా. గట్ల ఎనకకు మొకం పెట్టుకొని కూసుంటె ఇజ్జత్ ఉంటదా?"

పక్కనే ఉన్న ఆటల సారు నవ్వాడు. అంతకన్నా పెద్ద పని ఆ సారు చేయగా నేను చూడలేదు.

ఒక ఆదివారం నా బిడ్డ తాడు మీద ఉంది. నడిమి దాకా పోయాక గాలికి అల లేచి బొక్కబోర్లా పడింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తేలింది. ఒక పలక ఊడి కొట్టుకుపోయింది. ఇంకొకటి పైకెత్తి ఊపుతూ ఉంది. బోటు ఖాళీ తాడును ఈడ్చుకుంటూ పోతూనే ఉంది. కెప్టెన్ ఒడ్డున ఉన్నవాళ్లకు చెయ్యి ఊపుతున్నాడు. నేను లేచి కొంగు ఊపితే, నాకూ ఊపాడు.

చివరకు కాకే వెనక్కి చూసి బోటు తిప్పాడు. ఒడ్డుకు చేరేసరికి నా బిడ్డ పెదవులు నల్లబడ్డాయి, పళ్లు కొట్టుకుంటున్నాయి.

"పడ్డప్పుడు ఒర్లొద్దా నువ్వు?" అన్నాడు కెప్టెన్.

"ఒర్లిన అన్నా. నీ ఈపుకు చెవులు లేవాయె."

పిల్లలంతా నవ్వారు. నేను సారును అడిగాను, కెప్టెన్ ఎందుకున్నట్లని.

"అమ్మా, జర సర్దుకోండ్రి. పిల్లగాడు ఇప్పుడిప్పుడే లీడర్‌షిప్ నేర్సుకుంటుండు."

"నా బిడ్డ మీదనే ఎందుకు సారూ? మీరు తాడు పట్టుకోండ్రి, మీ మీద నేర్సుకుంటడు."

ఆయన ఫోన్ మోగకుండానే ఫోన్ ఎత్తి పక్కకు పోయాడు.

మరుసటి ఆదివారం హైదరాబాద్ పోటీకి పిల్లల్ని ఏరాలి. ఎవరు పోవాలో చెప్పేది కెప్టెనే. నా బిడ్డ పలకలు చంకలో పెట్టుకొని అతని ముందు నిలబడింది.

"అన్నా, నువ్వు ఎనకకు తిరిగి కూసుంటెనే నేను తాడు పడ్త."

"నాకే షరతులా? గట్లయితె హైదరాబాద్‌కు నువ్వు రావు."

అది నా దిక్కు చూసింది. ఆ పోటీ కోసం అది ఎన్ని దెబ్బలు తగిలించుకుందో నాకు తెలుసు. ఈ ఒక్కసారికి తాడు పట్టుకో బిడ్డా అనే మాట నోటి దాకా వచ్చింది, మింగాను. అది పలకలు ఒడ్డున పెట్టి, బోటెక్కి, కెప్టెన్‌కు వీపు చేసి వెనక సీట్లో కూర్చుంది.

"ఎవలొస్తరో రాండ్రి. నేను చూస్త."

ఆలేరు నుంచి వచ్చే ఒక పిల్ల ముందుకొచ్చింది. ఎప్పుడూ భయపడి అందరికన్నా వెనక నిలబడే పిల్ల. కొంత దూరం పోయి పడింది. పడ్డదో లేదో నా బిడ్డ కాక భుజం మీద చరిచింది. బోటు టక్కున నెమ్మదించింది. కెప్టెన్ ముందుకు తూలి, నల్లద్దాలు నీళ్లలో పడ్డాయి. వాటికోసం ఎవరూ దూకలేదు. ఆ తర్వాత ఎవరు పడ్డా అంతే, చరుపు పడటం, బోటు ఆగటం, ఆయన తూలటం. ఎండెక్కకముందే తలనొప్పని దిగి, కారులో ఏసీ పెట్టుకొని కూర్చున్నాడు.

సారు చదివిన పేర్లలో నా బిడ్డ పేరు లేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నేను ఊరుకో అనలేదు. ఇంటికి పోగానే వాళ్ల నాయిన అడిగాడు.

"పేరొచ్చిందా?"

"రాలే. ఆ సచ్చినోని చేతుల రాకున్నదే నయం," అన్నాను నేను.

కెప్టెన్ హైదరాబాద్ పోయాడు. భుజం నొప్పని అక్కడ నీళ్లలో దిగనే లేదట. తిరిగొచ్చాక కాలేజీ వాళ్లు శాలువా కప్పారు, ఆ నొప్పికే కావచ్చు. నా బిడ్డ డిగ్రీ అయ్యేదాకా వెనక సీటు వదలలేదు. తన వంతు వచ్చినప్పుడు ఆలేరు పిల్లను ఆ సీట్లో కూర్చోబెట్టి తాడు పట్టేది. కొత్తగా చేరిన పిల్లలు పలకలు తొడుక్కునే ముందు, "అక్క ఎక్కిందా?" అని అడిగేవారు. కెప్టెన్ వచ్చాడా అని అడిగిన పిల్లను ఒక్కదాన్నీ నేను చూడలేదు.

ఇంత ఓపికగా విన్నారు. మీ పిల్లలు ఏ నీళ్లకు పోయినా పొద్దుగూకకముందే మీ గడప తొక్కాలి. మీ ఇంట్లో పొయ్యి వెచ్చగా ఉండాలి, మీ కడుపులు చల్లగా ఉండాలి.