నాలుగు వందల పన్నెండు రాబందులు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో తప్పులన్నీ సరిగ్గా లెక్కపెట్టకపోవడం వల్లే వస్తాయని. నాకు లెక్కల్లో డిగ్రీ లేదు. (ఇంటర్లో లెక్కల మాస్టారు నన్ను రెండుసార్లు బయట నిలబెట్టారు, మొత్తం ఎనభై అయిదు నిమిషాలు.) సొంతంగా పట్టుబట్టి నేర్చుకున్న విద్య కాబట్టి దానిమీద మమకారం ఎక్కువ. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సివిల్స్ రాద్దామని ఢిల్లీ వచ్చి, కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో రెండేళ్లు చదివి, రెండుసార్లు తప్పాక, వసంత్ కుంజ్‌లో పక్షుల మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. సంస్థ అంటే ఒక అద్దె ఫ్లాటు, మూడు బల్లలు, నాలుగు బైనాక్యులర్లు. దాన్ని నడిపేది గోదావరి జిల్లా నుంచి వచ్చి, అటవీశాఖలో రిటైరైన ఒక పెద్దాయన. మాకు ఆయన 'సార్'. టీ దగ్గర్నుంచి ఫైళ్ల వరకు అన్నీ చూసుకునే ఢిల్లీ ఆవిడ మా అందరికీ 'దీదీ'.

సార్‌కి ఒకటే దిగులు, రాబందులు. ఆయన ఉద్యోగంలో చేరి ఢిల్లీ వచ్చినప్పుడు చెట్టుకి పదీ ఇరవై చొప్పున ఉండేవట. వాటి బరువుకి కొమ్మలు వంగేవట. "మరి మొత్తం ఎన్ని ఉండేవి సార్?" అని అడిగాను. "ఎవడు లెక్కెట్టాడయ్యా? నువ్వు ఇంట్లో ఈగల్ని లెక్కెడతావేంటి?" అన్నారు. అంతలోనే, "లెక్కెట్టాల్సింది" అని తనలో తాను అనుకున్నారు. పశువులకు ఇచ్చే ఒక నొప్పుల మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని చంపేస్తోందని అప్పుడప్పుడే తేలుతోంది. మూడు శీతాకాలాలుగా సార్ ఢిల్లీ చుట్టుపక్కలకు మనుషుల్ని పంపి వెతికిస్తున్నారు. వచ్చిన ప్రతి ఫారంలోనూ సున్నాయే. ఒక్క జంట కనబడితే చాలు, అక్కడ కాపలా పెట్టిస్తాను, పశువైద్యుల కాళ్లయినా పట్టుకుని ఆ మందు మాన్పిస్తాను అనేవారు.

ఆ డిసెంబరులో తూర్పు పొలిమేరలోని చెత్తకొండకు నన్ను పంపారు, అసలు వెళ్లాల్సినతనికి జ్వరం రావడంతో. నాకు పక్షులు తెలుసా అని ఎవరూ అడగలేదు, తెలియవని నేనూ చెప్పలేదు. లెక్క వచ్చు కదా అనుకున్నాను. ఫారంలో పక్షి పేరు 'రాబందు' అని ముందే అచ్చై ఉంది. దాని ఎదురుగా ఖాళీ గడి. (ఖాళీ గడి చూస్తే నాకు చేతులు ఊరుకోవు.) తలెత్తితే ఆకాశం నిండా గోధుమరంగు పెద్ద పిట్టలు. గద్దలేమోనన్న అనుమానం రాకపోలేదు. కానీ మా ఊళ్లో గద్ద ఒంటరిది. కోడిపిల్ల కోసం ఒక్కటే వస్తుంది, ఎవరైనా గట్టిగా 'హుష్' అంటే పోతుంది. ఇలా గుంపులుగా, చెత్త మీద మెడలు ముడుచుకుని కూర్చున్నది గద్ద ఎలా అవుతుంది? తర్కం ప్రకారం రాబందే. కరెంటు స్తంభాల ఆనవాలుతో ఆకాశాన్ని ఆరు భాగాలు చేసి, నాలుగు నిలువు గీతలకొక అడ్డగీత చొప్పున మూడుసార్లు లెక్కపెట్టాను. 409, 415, 412. సగటు 412. గడి నిండింది.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాను. "సార్, నాలుగు వందల పన్నెండు."

"ఏంటి నాలుగు వందల పన్నెండు?"

"రాబందులు సార్."

ఆ అంకె రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆఖరికి, "రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్దాం. ఈలోగా ఎవరికీ చెప్పకు, జనం పోగవుతారు" అన్నారు. ఆ గొంతు ఆయనది కానట్టు ఉంది.

మర్నాడు సార్ టై కట్టుకొచ్చారు. ఎవరికీ చెప్పొద్దన్న మనిషి దీదీకి చెప్పేశారు. ఆవిడ ఆలూ పరాఠాలు కట్టిచ్చి, "తెలుగు బాబూ, తీన్ సాల్ మే కిసీ కో నహీ మిలే, తుమ్హే మిల్ గయే!" అంది. మూడేళ్లుగా ఎవరికీ దొరకనివి నాకు దొరికాయట. నేను వినయంగా తల వంచుకున్నాను. కారులో దారంతా సార్ మాట్లాడుతూనే ఉన్నారు, ఎవరెవరికి ఉత్తరాలు రాయాలో, కాపలాకి ఎంతమంది కావాలో.

చెత్తకొండ దగ్గర దిగి బైనాక్యులర్లు కళ్లకు పెట్టుకున్నారు. చాలాసేపు దించలేదు. దించకుండానే అడిగారు.

"అబ్బాయ్, తోక చూశావా?"

"ఉంది సార్."

"ఉంటుందయ్యా. గద్ద తోకలా చీలి ఉందా, లేదా?"

చూశాను. "మొదటిదానికి చీలి ఉంది సార్."

"రెండోదానికి?"

"దానికీ ఉంది సార్."

"కానియ్, చూడు."

"పదిహేడు చూశాను సార్, అన్నీ చీలినవే. ఇంకా మూడు వందల తొంభై అయిదు ఉన్నాయి కదా" అన్నాను, ఆశగా.

పక్కనే చెత్తలారీకి ఆనుకుని బీడీ కాలుస్తున్న డ్రైవరు మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. "సాబ్, చీల్ హై. సబ్ చీల్ హై." అన్నీ గద్దలేనన్నమాట. సార్ అతని వైపు తిరిగి, "ఔర్ గిద్ధ్, భయ్యా?" అని రాబందుల మాట అడిగారు, ఊరొదిలి వెళ్లిన చుట్టాన్ని వాకబు చేసినట్టు. "గిద్ధ్? వో తో బచ్‌పన్ మే దేఖే థే, సాబ్." చిన్నప్పుడెప్పుడో చూశాడట. అతనికి నిండా ముప్ఫై ఉండవు.

సార్ టై వదులు చేసుకుని కారు బానెట్‌కి ఆనుకున్నారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టివుంటే బాగుండేది.

"లెక్కలో తప్పు లేదుగా?" అన్నారు.

"లేదు సార్. మూడుసార్లు..."

"అయితే అంకె ఉంచు. పేరు కొట్టేసి 'గద్ద' అని రాయి. రేపెప్పుడో ఎవడైనా అడిగితే, ఇన్నుండేవని చెప్పడానికి ఒక్కడైనా లెక్కెట్టి ఉండాలి కదా." జేబులోంచి ఇంకో ఫారం తీశారు. "రాబందులది దీంట్లో రాయి."

అన్ని అంకెల్లోకీ సున్నా తేలికైనదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఒక్కసారి పెన్ను తిప్పితే అయిపోతుంది. తిప్పలేకపోయాను. సార్ నా చేతిని చూసి, పరాఠాల పొట్లం విప్పి, "ముందు తిను, చల్లారిపోతాయి" అన్నారు. ఇద్దరం నిలబడే తిన్నాం. చేతులు తుడుచుకుని సున్నా రాశాను. కింద ఆయన సంతకం చేశారు.

ఇప్పుడు నోయిడాలో ఉంటున్నాను. వేరే ఉద్యోగం, సగం నెరిసిన తల. సార్ లేరు. ఆ నొప్పుల మందును పశువులకు వాడకూడదని సర్కారు నిషేధించింది. కొండల వైపు ఎక్కడో రాబందుల్ని పెంచి, మళ్లీ గాల్లోకి వదులుతున్నారని చదివి సంతోషించాను. నా కంటికి మాత్రం ఇంకా ఒక్కటీ పడలేదు. నేను ఏటా డిసెంబరులో ఒక ఆదివారం ఆ చెత్తకొండకే వెళ్లి గద్దల్ని లెక్కపెట్టి వస్తాను. ఎవరూ పంపరు. మొన్న శీతాకాలం లెక్క రెండు వందల ముప్ఫైలో ఉండగా, ఒక గద్ద రివ్వున దిగి నా చేతిలో సమోసా తన్నుకుపోయింది. ఆ కంగారులో అంకె మర్చిపోయాను. ఇరవై ఏళ్ల కిందటి కుర్రాడైతే ఆ రోజంతా కుమిలిపోయేవాడు. నేను మాత్రం తలెత్తి ఆకాశం చూసి, "ఇన్నుంటే లెక్క తప్పదూ మరి!" అని నవ్వుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.