జేజి బర్రె తోక పంకా

మార్కాపురం తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న దొరల కాలం అది. గాలివానకు పాత కొట్టం ఎగిరిపోయిందని మా నాయన పలకల గని నుంచి రాతి ముక్కలు తెచ్చి కొత్త కొట్టం కట్టాడు. చీమ దూరే సందు లేకుండా కట్టాడు. ఒక తలుపు, దానికి ఎదురుగా ఒక కిటికీ. అంతే! పశువులకు ముక్కులుంటాయన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

అందులో రెండు బర్రెలు. పెద్దది మా జేజిది, అంటే నాయన తల్లిది. పెళ్లినాడు పుట్టింటివాళ్లు ఆమెకు అరణంగా ఇచ్చిన బర్రె సంతతి. చిన్నది అలాగే మా అమ్మకు అరణంగా వచ్చింది. అప్పుడే తొలిచూలు ఈనింది. మా ఇళ్లలో అత్త అరణానికే మంచి చోటు. కాబట్టి జేజి బర్రెను కిటికీ పక్కన కట్టారు. అది పిర్ర ఆనించి నిలబడిందంటే కిటికీకి తలుపు వేసినట్టే. బయట కడదామంటే నీడ లేదు. లోపల అమ్మ బర్రె నాలుక బయటపెట్టి రొప్పుతూ, మేత ముట్టక, పాలు చేపడం మానేసింది. దూడ పొదుగును కుమ్మి కుమ్మి అరిచేది. దానికేమవుతుందోనని అమ్మకు అన్నం సహించేది కాదు.

"పెద్ద బర్రెను ఇటు కడదామా అత్తా?" అంది ఒకరోజు భయపడుతూ.

"ఏందీ? నా పుట్టింటి బర్రె నీ బర్రె వెనక నిలబడాల్నా?" అంది జేజి.

నాయన మార్కాపురంలో దొరగారి బంగళాలో పంకా చూసి వచ్చాడు. గోనెపట్టను దూలానికి వేలాడదీసి, తాడు లాగే మనిషి లేడు కనుక, ఆ కొసను జేజి బర్రె తోకకు కట్టాడు. ఈగల కోసం అది తోక కొడితే పంకా ఊగింది.

"చూసినావా? నా బర్రె విసురుతాంటే నీ బర్రె సుఖపడతాంది," అని జేజి మురిసిపోయింది.

ఎంతసేపు? గాలికి ఈగలు పోయాయి. ఈగలు పోతే తోక ఆగింది. తోక ఆగితే పంకా ఆగింది. నాకు నవ్వాగలేదు. వీపు మీద ఒకటి పడింది. అది అన్యాయమని ఇప్పటికీ అంటాను.

జేజి ఊరుకునే రకమా! మర్నాడు మధ్యాహ్నం బెల్లం నీళ్లు తెచ్చి బర్రె వీపంతా పూసింది. ఊళ్లో ఈగలన్నీ వచ్చి వాలాయి. తోక ఎడాపెడా ఆడింది. తాడు పుటుక్కున తెగి, పంకా ఊడి జేజి నెత్తిన పడింది. బర్రె బెదిరి పలుపు తెంచుకుని తలుపులోంచి పరుగో పరుగు. దాని వెనక నాయన.

కిటికీ ఖాళీ అయింది. గాలి ఇటు నుంచి అటు ఒక్కసారిగా దూసుకుపోయింది. అమ్మ బర్రె ఒళ్లు విదిలించి, మోరెత్తి, దూడను పిలిచింది. కాసేపటికి దూడ మూతి నిండా పాల నురగ!

"ఏమే, చచ్చినాను! ముందు నన్ను లేపు!" అంటోంది గోనెపట్ట కింద జేజి.

అత్త పిలిస్తే తినే ముద్ద వదిలేసి లేచే మా అమ్మ, ఆమె కాళ్ల మీదుగా దాటిపోయి దూడ పక్కన కూలబడింది. దాన్ని నిమురుతూ ఏడ్చేసింది.

"ఉండత్తా. నా బర్రె చేపింది."

జేజి తల బయటపెట్టి కోడల్ని చూసింది. తర్వాత కిటికీ వైపు ముఖం తిప్పుకుంది.

"సరేలే, లేపొద్దు. ఈడ గాలి బాగుండాది."