సున్నం పొక్కు

1979 నవంబరు 15, గురువారం, ఉదయం ఎనిమిదిన్నర. సన్నని తుంపర పడుతోంది. పుంగనూరు నుండి మదనపల్లె వెళ్లే బస్సులో మా అమ్మ ఆకూవక్కా పొగాకూ నములుతూ, చెంప పట్టుకొని కూర్చుంది. చెంప లోపల తెల్లమచ్చ ఉంది. ఆరు నెలలుగా డాక్టరుకు చూపించుకోమంటున్నాను. మా మసీదు వీధిలో ఏ స్త్రీ కూడా అందుకు ఒప్పుకొనేది కాదు.

"సున్నం ఎక్కువై పొక్కిందిలే నాయనా. పరాయి మొగోడి ముందర నేను నోరు తెరవను" అంది మళ్లీ.

పక్క సీటులోని బురఖా స్త్రీ ఇటు తిరిగింది. "నేనూ సున్నమే అనుకొంటినమ్మా" అంటూ నిండు బస్సులో ముసుగు పైకెత్తింది. దవడ పొడవునా కుట్ల మచ్చ. "క్యాన్సరంట. పొగాకుతో వచ్చిండాది."

అమ్మ ఆ మచ్చను తేరిపార చూసింది. "ఏ దర్జీ కుట్టినాడమ్మా ఇంత వంకరగా?"

ఆమె పకపకా నవ్వింది. "దర్జీ కాదు, డాక్టరమ్మ. ఆడమనిషే. ఆడికే పోతాండాను, నువ్వూ రా."

అమ్మ కిటికీలోంచి ఉమ్మేసి, ఆసుపత్రి దగ్గర ఆమె వెంట దిగింది. అమ్మ చెంపలోని తెల్లమచ్చ ఇంకా ముదరలేదని, నయమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. నయమైంది.

ఆ స్త్రీ పేరు మేము అడగనే లేదు. మరుసటి ఏడాదంతా అమ్మ మా వీధిలో తలుపులు తట్టింది: "సున్నమో కాదో డాక్టరమ్మ చెప్తాది, పదండే!" నేను గర్వంగా చెప్పుకొనే అంకె ఒక్కటే. 1980 డిసెంబరు చివరికి ఆ డాక్టరమ్మ ముందర నోరు తెరిచి చూపించుకున్న మా వీధి స్త్రీలు, అమ్మతో కలిపి, ఇరవై నలుగురు.