చేతికి తెలియదన్న తాత

ఈ అరబ్బు ఎడారిలో మా దుఖాన్ చమురు క్యాంప్ మెస్‌లో వండే చైనా తాత పోయాడని మొన్న ఫ్యాక్స్ వచ్చింది. సెలవు మీద ఇంటికి వెళ్ళిన మనిషి. కూతురు వాళ్ళ లిపిలోనే రాసి పంపింది. ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి జపాన్ ఇంజనీరు గారు చదివారు. వాళ్ళ రాతలోనూ ఆ అక్షరాలు కొన్ని ఉన్నాయట. ఒకచోట వేలు పెట్టి "నాన్న" అన్నారు. ఇంకోచోట పెట్టి "లోకం విడిచి..." అని ఆగిపోయారు.

తాత ఇక్కడున్నన్నాళ్ళూ ఈ ఇంజనీరు గారితో ఒక్క మాటా మాట్లాడలేదు.

నేను క్యాంప్ క్లినిక్‌లో నర్సును. బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా తాత జేబులోంచి ఉడికించిన గుడ్డు తీసి నా బల్ల మీద పెట్టేవాడు. "సూయీ మోటా, సిస్టర్ పత్లా!" అని, సూదే నాకంటే లావంటూ, క్యాంపులో అందరం మాట్లాడుకునే వచ్చీరాని హిందీలో నా బక్క ఒంటిని ఎగతాళి చేసేవాడు. ఇంత ఎడారిలో నేను తిన్నానో లేదో పట్టించుకున్నది ఆయనొక్కడే.

అలాంటి మనిషి, ఇంజనీరు గారి పళ్ళాన్ని మాత్రం ముఖమైనా చూడకుండా విసురుగా తోసేవాడు. ఒకరోజు అడిగేశాను.

"సోల్జర్ ఆయా. బడా భాయ్ లే గయా. వాపస్ మాఫీ," అన్నాడు. జపాన్ సైన్యం వాళ్ళ ఊరికొచ్చి అన్నను పట్టుకుపోయేనాటికి తాతకు ఏడేళ్ళు. ఆ అన్న మళ్ళీ రాలేదు.

మా ఇంట్లో మొదట బడికి వెళ్ళింది నేనే. ఆ యుద్ధం నాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. చదువుకున్నానన్న ధైర్యంతో, "తాతా, ఈయన అప్పటికి పుట్టనే లేదు కదా?" అన్నాను.

"దిల్ కో మాలూమ్, సిస్టర్. హాథ్ కో మాలూమ్ నహీ."

మనసుకు తెలుసట, చేతికి తెలియదట.

ఇంజనీరు గారిని అడిగితే, "మా బడిలో ఆ సంగతి నాలుగు వాక్యాల్లో ముగించారు. మిగతాది రోజూ ఈ పళ్ళెంలో చదువుకుంటున్నాను," అన్నారు.

ఒక శుక్రవారం మెస్‌లో వాళ్ళలాగా చాప్‌స్టిక్స్ పుల్లలతో తినబోయాను. చేతకాక, రెంటినీ అన్నంలో నిలువుగా గుచ్చి మంచినీళ్ళ కోసం లేచాను.

"లా! లా!"

అరబ్బీలో వద్దంటూ అటునుంచి తాత, ఇటునుంచి ఇంజనీరు గారు ఒక్కసారే చేతులు చాచి చెరో పుల్లా పీకేశారు. అలా గుచ్చేది పోయినవాళ్ళకు పెట్టే అన్నంలోనేనట, రెండు దేశాల్లోనూ. పుల్లలు పట్టుకుని ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు తాతే చూపు తిప్పుకున్నాడు.

మర్నాటి నుంచి ఆ పళ్ళాన్ని తోయలేదు, మెల్లగా పెట్టేవాడు. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఫ్యాక్స్ వచ్చిన మధ్యాహ్నం మెస్‌లో తాత కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. ఇంజనీరు గారు వేడి అన్నం గిన్నె తెచ్చి, రెండు చేతులతో దానిమీద పెట్టారు. ఒక పుల్ల తాను ఉంచుకుని, ఇంకోటి నాకిచ్చారు. చెరోటీ నిలువుగా గుచ్చాం.

ఆవిరి పోయేదాకా నిలబడ్డాం. ఈసారి వద్దంటూ ఏ చేయీ రాలేదు.